సుగుణక్క కుళ్ళుకున్న రోజు

మొన్న చిత్తూరులో మూలికలమ్మే అంగడి ముందు నిలబడి మిరియాలు తూయించుకుంటున్నాను. అంగడాయన ఇంకెవరికో ఏదో ఇవ్వడానికి పక్కనున్న రేకుడబ్బా మూత తీశాడు. అతిమధురం వేరు వాసన గుప్పున వచ్చింది. కాస్త తీపి, కాస్త మట్టి, కాస్త పాతచెక్క కలిసినట్టుండే వాసన. పాటగాళ్ళు గొంతు కోసం బుగ్గన పెట్టుకునే వేరు అది. ఆ వాసన తగిలితే వేరేవాళ్ళకు సంగీతం గుర్తొస్తుందేమో గానీ నాకు కుళ్ళు గుర్తొస్తుంది. పక్కింటివాళ్ళు కొత్త చీర కట్టుకుంటే వచ్చే కుళ్ళు కాదు, ముద్ద మింగుతున్నా ఆరని కడుపుమంట. ఆ మంట నాకు అంటించిపోయిన మనిషి పేరు సుగుణక్క. ఆమె గురించి చెప్పాలంటే ముందు ఆమె చీరకొంగు గురించి చెప్పాలి.

ఆ కొంగు చివర ఎప్పుడూ ఒక ముడి ఉండేది. ముడిలో అతిమధురం ముక్కలు. స్టేజీ ఎక్కే ముందు ముడి విప్పి ఒక ముక్క బుగ్గన పెట్టుకునేది. పక్కన మేం ఎంత దగ్గి చచ్చినా ఒక్క ముక్క ఇచ్చేది కాదు. "మీ గొంతులు బాగైతే నా గతేంది మే?" అనేది. తమాషాకు అంటోందనుకుని కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు. పాతవాళ్ళం నవ్వేవాళ్ళం కాదు.

సుగుణక్కకు చిత్తూరులో ఒక పాటల ట్రూపు ఉండేది. పెళ్ళిళ్ళు, గంగజాతరలు, వినాయకుడి పందిళ్ళు, క్రిస్మస్ సభలు, ఎవరు పిలిచినా పోయేది. ఒక కీబోర్డు, తబలా, డ్రమ్ములు, ముగ్గురు నలుగురు పాటగాళ్ళు, వీళ్ళందరినీ మోసే ఒక పాత టెంపో. మాది పూతలపట్టు. క్రాస్ దగ్గర మా నాయనకు పంక్చర్ అంగడి ఉండేది. ఒకరోజు ఆ టెంపోకు పంక్చర్ వేస్తూ, మా బిడ్డ బాగా పాడుతుందని నాయన నోరు జారాడు. ఆమె అక్కడే, ఆ టైర్ల మధ్యలోనే నన్ను పాడమంది. పాడాను. "బాగుండాది. ఆదివారం నుంచి రా మే" అంది. నేను గాల్లో తేలిపోయాను. తబలా వాయించే మునిరత్నం అన్న మాత్రం నావైపు జాలిగా చూశాడు.

ఆ జాలి ఎందుకో తొందరలోనే తెలిసింది. సుగుణక్క నోట 'బాగుండాది' అంటే పెద్దగా ఏమీ లేదని లెక్క. నిజంగా ఏదైనా నచ్చితే ఆమె మెచ్చుకునేది కాదు, కుళ్ళుకునేది. అదీ దాచుకోకుండా, మనిషి ముఖం మీదే. పాకాల దగ్గర రోడ్డుపక్కన ఒకావిడ దోసెలు పోస్తుంటే పెనం ముందు నిలబడిపోయి, "ఏం మే, ఇంత పల్చగా ఎట్ల తిప్పుతావు? సూస్తా ఉంటే నాకు కుళ్ళుగా ఉండాది" అంది. ఆవిడకు తిట్టిందో పొగిడిందో తెలియక ఇంకో గరిటె చట్నీ వేసింది. జాకెట్లు కుట్టే టైలరును చూసి కుళ్ళు, గుళ్ళో నాదస్వరం ఊదే కుర్రవాణ్ణి చూసి కుళ్ళు. కుళ్ళు పుట్టినప్పుడు అరచెయ్యి తీసి కడుపు మీద పెట్టుకునేది. నేను ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఏందక్కా ఇది, బాగుందని చెప్తే సరిపోదా?"

"బాగుండాది అనేదానికి నోరుంటే సాలు. కుళ్ళుకోవాలంటే కడుపు మండల్ల. ఊరికే మండతాదా అది?"

మా ట్రూపులో దీనికి ఒక పద్ధతి కూడా ఉండేది. ప్రోగ్రాం అయ్యాక టెంపో ఎక్కేటప్పుడు, ఆ రోజు తనకు కుళ్ళు పుట్టించింది ఎవరో అక్క చెప్పేది. వాళ్ళకు డ్రైవరు పక్కన, అక్క పక్కన, ముందు సీటు. మిగతావాళ్ళం వెనక డ్రమ్ముల మధ్య, స్పీకరు డబ్బాల మధ్య. ఎవరూ పనికిరాని రోజు ముందు సీట్లో అక్క హ్యాండుబ్యాగు కూర్చునేది. నా చోటు వెనక చివర, స్పేరు టైరు పక్కన. పంక్చర్ అంగడి నుంచి వచ్చి మళ్ళీ టైరు పక్కనే కూర్చోవడం నా నొసటిరాత అనుకునేదాన్ని. జీతం పెంచమని నేనెప్పుడూ అడగలేదు. ఒక్కసారి సుగుణక్క నన్ను చూసి కడుపు మీద చెయ్యి పెట్టుకుంటే చాలనుకున్నాను. అంతకుమించి ఏ దేవుణ్ణీ ఏమీ కోరలేదు.

అలాంటి రోజుల్లో ఎస్తేరు వచ్చింది. సత్యవేడు పిల్ల. చర్చిలో పాడి పాడి గొంతు నున్నగా తేలింది. మాటలో సగం అరవం. తడలో ఒక పెళ్ళికి మొదటిసారి మాతో వచ్చింది. పాడింది. రెండో వరుస ఎత్తుకునేసరికి అక్క అరచెయ్యి కడుపు మీదికి పోయింది. నేను చూశాను. చూడకుండా ఉంటే ఎంత బాగుండేదో! టెంపో దగ్గర అక్క, "యాడుండావు మే ఎస్తేరూ? కుళ్ళు పుట్టించినావు గదే. రా, ముందర కూసో" అంది. ఆ పిల్ల బిత్తరపోయి, "రొంబ బయమేసిందక్కా, నేనేం తప్పు చేయలేదే" అంది. మునిరత్నం అన్న పగలబడి నవ్వాడు. చిత్తూరు వచ్చేదాకా నేను ఆ పిల్ల జడనే చూస్తూ కూర్చున్నాను. జడకు కట్టిన పచ్చ రిబ్బను కూడా నాకు నచ్చలేదు.

అప్పటి నుంచి ముందు సీటు దాదాపు ఎస్తేరుదే. మంచి పిల్ల, అదే నాకు పెద్ద బాధ. చెడ్డదైతే హాయిగా తిట్టుకునేదాన్ని. నాకు జ్వరమొస్తే కషాయం కాచి తెచ్చేది. తాగుతూనే కుళ్ళుకునేదాన్ని. ఇంట్లో పొయ్యి ముందు, బస్సులో, బట్టలుతికే బండ దగ్గర, ఆమె పాడిన పాటనే ఆమెకన్నా బాగా పాడాలని గొంతు చించుకునేదాన్ని. మా నాయన "కాస్త ఆపు తల్లీ, అంగడికొచ్చినోళ్ళు గాలి పట్టకుండానే పోతాండారు" అనేవాడు. అంత సాధన చేసి స్టేజీ ఎక్కితే అక్క నోట అదే మాట, 'బాగుండాది.'

తర్వాత సుగుణక్క గొంతు బొంగురుపోయింది. ప్రోగ్రాములు ఎక్కువై అలా ఉందనుకుంది. మిరియాల పాలు తాగింది, తేనె నాకింది, కొంగు ముడి మరింత లావుగా కట్టింది. నెలలు గడిచాయి గానీ బొంగురు తగ్గలేదు. చివరకు రాయవేలూరు పోయి చూపించుకుంటే గొంతులో గడ్డ అన్నారు. రేడియేషనును మా వైపు 'కరెంటు పెట్టడం' అంటారే, ఆ వైద్యానికి ఆమెను నేనూ ఎస్తేరూ వంతులేసుకుని బస్సులో తీసుకుపోయేవాళ్ళం. గడ్డ కరిగింది. దాంతోపాటు పాట కూడా పోయింది. మాట గుసగుసగా మిగిలింది. నోట్లో తడి ఆరిపోయి, ముద్ద ముద్దకూ నీళ్ళు తాగాల్సి వచ్చేది. అతిమధురం నమిలే నోరు కాదిక అది. అయినా కొంగు ముడి మాత్రం విప్పలేదు.

మా చిత్తూరు ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ, గొంతు లోపలికి దించి చూసే కెమెరా మిషను ఇక్కడే ఉండుంటే ఇది ముందే బయటపడేదని చెప్పింది. అలా మొదలైంది ఆ మిషను కోసం కచేరీ పెట్టాలన్న మాట. డాక్టర్లు, బట్టల వ్యాపారులు కలిసి తిరుపతిలో పెద్ద హాలు మాట్లాడారు. వచ్చిన డబ్బంతా మిషనుకే. పాడేది మా ట్రూపు. ఇంటికొచ్చిన వ్యాపారి ఒకాయన, "నీ మాదిరి ఇంకొకరు బాధపడగూడదని ఎంత పెద్ద మనసమ్మా నీది!" అన్నాడు. అక్క గుసగుసగా, "పెద్ద మనసూ లేదు, పాడూ లేదప్పా. ఊర్లోవాళ్ళ గొంతులన్నీ బాగుంటే నాకు కుళ్ళే. అయినా పాట ఇనకుండా ఎట్ల బతికేది?" అంది. ఆయన కాఫీ చల్లార్చుకున్నాడు.

మా ప్రోగ్రాముల్లో ఆఖరి పాట ఎప్పుడూ సుగుణక్కదే. పాత సినిమా పాట, రెండో చరణంలో గొంతు కొండెక్కి దిగాలి. ఆమె ఉండగా దాన్ని వేరేవాళ్ళు ముట్టుకున్నది లేదు. రిహార్సలు రోజు మేమందరం ఆమె మంచం చుట్టూ చేరాం. ఆ పాట ఎస్తేరుకే పోతుందని నా కడుపు అప్పటికే మండటం మొదలైంది. అక్క మాట వినడానికి అందరం ముందుకు వంగాం.

"ఆఖరి పాట మణి పాడతాది."

మణి అంటే నేనే. ఎస్తేరు ముఖం వాడిపోయింది. నేను ఊరుకుని ఉండొచ్చు కదా, సంబరం పట్టలేక "నేనెందుకక్కా?" అని అడిగాను.

"ఎస్తేరు పాడితే నేను ఓర్సుకోలేను మే. నువ్వైతే పరవాలేదు."

'నువ్వైతే పరవాలేదు.' ఆ మాట పట్టుకుని ఆ వారమంతా ఉడికిపోయాను. పాట నాకు దక్కిందే గానీ, దొంగలెత్తుకుపోరన్న ధైర్యంతో గిల్టు నగ మెడలో వేసుకున్నట్టు దక్కింది. జబ్బుపడ్డ మనిషి మీద కోపం తెచ్చుకోకూడదని నాకూ తెలుసు. తెచ్చుకున్నాను.

కచేరీ ఆదివారం మధ్యాహ్నం. హాలు నిండింది. కాలేజీ పిల్లలు, కుటుంబాలు, తలకు గుడ్డ చుట్టుకుని వచ్చిన పేషెంట్లు. ముందు వరుసలో సుగుణక్క, మెడకు శాలువా, ఒళ్ళో నీళ్ళ ఫ్లాస్కు. ఎస్తేరు పాడింది. ఆ రోజు ఇంకా బాగా పాడింది, దాని గొంతు మండ! అక్క అరచెయ్యి కడుపు మీదికి పోయింది. స్టేజీ పక్కన నిలబడి నేను అదీ చూశాను.

ఆఖరున నా వంతు. పల్లవి అక్క పాడినట్టే పాడాను. చరణం దగ్గరకొచ్చేసరికి, పరవాలేదనిపించుకోవడానికైతే అక్క అడుగుజాడ చాలు గానీ, నాకు అది వద్దనిపించింది. ఆమె ఆగే చోట ఆగలేదు. ఆమె తగ్గించే చోట తగ్గించలేదు. ఇన్నేళ్ళ స్పేరు టైరు, పచ్చ రిబ్బను, హ్యాండుబ్యాగు, అన్నీ గొంతులోకి వచ్చాయి. మునిరత్నం అన్న తబలా మీంచి తలెత్తి చూశాడు. రెండో చరణం పైకెక్కి దిగుతూ ముందు వరుస వైపు చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద ఫ్లాస్కు ఒక్కటే ఉంది.

పాట ఎలా ముగించానో నాకు తెలియదు. జనం లేచి చప్పట్లు కొడుతున్నారు. మిషనుకు సరిపడా వచ్చేసిందని ఎవరో మైకులో అరుస్తున్నారు. ఎస్తేరు వచ్చి వాటేసుకుని ఏడ్చింది. నేను ఆమెను విడిపించుకుని ఫ్లాస్కు తీసుకుని బయటకు పరుగెత్తాను. పాట పాడుచేశానని అక్క లేచిపోయిందనే అనుకున్నాను.

హాలు వెనక టెంపో నిలబడి ఉంది. ముందు సీటు ఖాళీ. సుగుణక్క వెనక చివర, స్పేరు టైరు పక్కన, నా చోట్లో కూర్చుని ఉంది.

"ఒళ్ళు బాగలేదా అక్కా?"

ఆమె నావైపు చూసింది. అంత కోపం ఆమె కళ్ళల్లో ముందెప్పుడూ చూడలేదు.

"బాగానే ఉండాది. ఇంగ కొంచేపు కూసోనుంటే స్టేజీ ఎక్కి నీ గొంతు పెరికి నా దాంట్లో పెట్టుకుందును. అందుకే లేసొచ్చేసినా." ఊపిరి తీసుకుంది. "నా పాట మే అది."

"నువ్వే ఇస్తివి కదక్కా!"

"నువ్వు ఇంత పాడతావని ఎవురికి తెలుసు?"

ఫ్లాస్కు అందిస్తే తీసుకుంది. నీళ్ళు తాగి, మూత పెట్టి, కొంగు ముడి విప్పడం మొదలుపెట్టింది. ఎన్నాళ్ళ ముడో, గట్టిగా బిగుసుకుపోయింది. పళ్ళతో లాగి విప్పింది. ఉన్న ముక్కలన్నీ నా చేతిలో విసిరినట్టు పెట్టింది.

"నాకింగ ఏంటికి? పో, ముందర కూసో. నా కంటికి కనపడొద్దు."

తిరుపతి నుంచి చిత్తూరు దాకా ముందు సీట్లో వచ్చాను. ఎన్నో ఏళ్ళు కోరుకున్న సీటు. దారిలో ఏముందో ఏమీ చూడలేదు. డ్రైవరు అద్దంలో అక్క ముఖమే చూస్తూ వచ్చాను. ఆమె కిటికీ వైపు తిప్పిన తల తిప్పలేదు. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. మజ్జిగ తీసుకుపోతే గ్లాసు అందుకుని గోడవైపు తిరిగి తాగేది. అది దీవెన కాదు, నన్ను పెద్దదాన్ని చేయడానికి ఆడిన నాటకమూ కాదు. పాట పోయిన మనిషి, పాట ఉన్న మనిషిని చూసి నిజంగా కుళ్ళుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, సిగ్గులేకుండా, ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

ఆ మిషను ఆస్పత్రికి వచ్చింది. సుగుణక్క మాత్రం మరుసటి జాతర చూడలేదు. ఎస్తేరు పెళ్ళి చేసుకుని మద్రాసు పోయింది. ముందు సీటు లెక్కలో ఇప్పటికీ ఆమెదే పైచేయి, ఆ సంగతి తలుచుకుంటే నాకు ఈ రోజుకీ మంటే. ట్రూపు నా చేతికి వచ్చింది. నేను పాడితే అందరూ సూపర్ మేడం అంటారు. ఫోన్లలో తీసుకుంటారు. కడుపు మీద చెయ్యి పెట్టుకునే మనిషి ఒక్కరూ లేరు.

మొన్న అంగడిలో మిరియాలతోపాటు అతిమధురం కూడా కొన్నాను. కొంగున ముడేసుకుని ఆ సాయంత్రమే తిరుపతిలో పెళ్ళి రిసెప్షనుకు పోయాం. ఈ మధ్యే చేరిన హారిక అనే పిల్ల, పగలు బట్టల షాపులో పనిచేస్తుంది, ఒక పాట ఎత్తుకుంది. సగం కూడా కాకముందే నా కడుపులో భగ్గుమంది. చూసుకుంటే నా చెయ్యి అక్కడే ఉంది. టెంపో దగ్గర, "నాకు కుళ్ళు పుట్టించినావు మే" అన్నాను. పాపం ముఖం చిన్నబుచ్చుకుని "సారీ మేడం" అంది. "సారీ లేదు, పాడూ లేదు, ముందర కూసో" అని నేను పోయి వెనక టైరు పక్కన కూర్చున్నాను.

పూతలపట్టు దాటాక ఆ పిల్ల వెనక్కి తిరిగింది.

"మేడం, నిజంగానే కుళ్ళా?"

"నిజంగానే."

ఆ పిల్లకు ధైర్యం వచ్చినట్టుంది. "అయితే మీ కొంగులో ఉండే ఆ వేరు నాకూ ఒక ముక్క ఇవ్వండి మేడం" అంది.

"ఇయ్యను పో" అన్నాను, ముడి గట్టిగా పట్టుకుని. నేనింకా పాడుతున్నాను కదా.