గాజులోళ్ల మసీదు

అరవైల్లో మా నిజామాబాద్‌లో పిల్లను చూడటానికి వచ్చినవాళ్లు అడిగే మొదటి మాట ఇంటిపేరు కాదు, "మీరు ఏ మసీదోళ్లు?" అని. పెద్ద మసీదు అంటే కచేరీ ఉద్యోగులు, తోట మసీదు అంటే భూములున్నవాళ్లు. మాది గాజులోళ్ల మసీదు. దానికి బోర్డు కూడా లేదు. వెనక గల్లీ నిండా గాజులమ్ముకునే మేమే కాబట్టి ఊరు పెట్టిన పేరది.

మా ఆపాకు, అంటే అక్కకు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లవాడి సంబంధం వచ్చింది. అంతకుముందు వచ్చినవాళ్లు మసీదు పేరు వినగానే చాయ్ తాగి లేచిపోయారు. అందుకే మామూ, అమ్మ తమ్ముడు, ముందే బతిమాలాడు.

"బావా, పెద్ద మసీదు అను. అబద్ధమేం గాదు, శుక్రవారం నమాజుకు ఆడికే పోతం గద."

అబ్బా, అంటే మా నాన్న, పలకలేదు. మౌనం అర్ధాంగీకారమనే మాట మా అబ్బా దగ్గర చెల్లదని మామూకు ఎన్నేళ్లయినా తెలిసిరాలేదు.

పిల్లవాడి నానమ్మ కూర్చోగానే అడగనే అడిగింది. మా ఇళ్లలో మాట ఉర్దూలో మొదలైనా తెలుగులోనే తేలేది. మామూ నోరు తెరిచేలోపే అబ్బా అందుకున్నాడు.

"గాజులోళ్ల మసీదమ్మా. ఈ ఊళ్లె ఏ కులపోళ్ల పెండ్లయినా పెండ్లిపిల్ల చెయ్యి మా చేతికిస్తరు. తండ్రి పక్కన నిలబడి ఇస్తడు. గా నమ్మకం మీద బతికినోళ్లు కట్టుకున్న మసీదు. వేరే పేరు చెప్పి నా బిడ్డనియ్య."

మామూ తల పట్టుకున్నాడు. తలుపు వెనక ఆపా నా చెయ్యి నలిపేసింది. నాకు మాత్రం, సంబంధం పోతే పోనీ, ఈయన మా అబ్బా అని గల్లీ అంతా తిరిగి చెప్పాలనిపించింది.

నానమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది. లేస్తుందనుకున్నాం. మాట ఖాయమైతే అత్తింటి పెద్దామె పిల్లకు గాజులు తొడగడం మాలో ఆనవాయితీ. ఆమె సంచిలోంచి ఆకుపచ్చ గాజులు తీసి, ఆపాను పిలిపించి, గాజులు అబ్బా ముందు పెట్టింది.

"నేను తొడిగేదుండె. నీ అసుంటి చేతులుండంగ నేనెందుకు? నువ్వే తొడుగు."

ఊళ్లో ఎందరు పెళ్లికూతుళ్లకో తొడిగిన మనిషి ఆపా చెయ్యి పట్టుకున్నాడు. మొదటి గాజే చిట్లింది. అబ్బా చేతిలో గాజు చిట్లడం నేనెన్నడూ చూడలేదు.

నానమ్మ నవ్వలేదు, అపశకునమనీ అనలేదు.

"ఊరోళ్ల బిడ్డ గాదు గద," అని ఇంకో గాజు అందించింది.