తెల్లోళ్ల లైనులో లింబాద్రి డబ్బా

"కాలుతోని జరుపలే బాషా భాయ్! ఆ తెల్లోళ్లు వంగి, నా అన్నం డబ్బను చేతుల వట్టి ముందట వెట్టిండ్రు. లైను కదిలినప్పుడల్ల ఒక్కొక్క అడుగు!"

బస్సు డ్రైవర్ హయాత్ బాషా చాయ్ పక్కన పెట్టాడు. "డబ్బాకా లింబాద్రన్నా, అంత మర్యాద?"

లింబాద్రి కోరుట్ల దగ్గరి పల్లెలో దర్జీ. దుబాయ్ వచ్చాక మాత్రం పన్నెండేళ్లుగా చేతిలో చీపురే, అదీ ఒక బ్రిటిష్ స్కూల్లో. సత్వాలో వాళ్లుండే బిల్డింగులో ఎవరి చొక్కా చినిగినా సూదీదారంతో ఆయనే కుట్టిపెట్టేవాడు. ఒక్క మిషన్ ఉంటే చాలనుకునేవాడు. పోయిన నెల స్కూల్లో పిల్లల తల్లిదండ్రులు ఇంట్లోని పాత సామాను అమ్మకానికి పెట్టారు, స్టాఫూ కొనుక్కోవచ్చన్నారు. అందులో కుట్టుమిషన్ ఒకటే ఒకటి. లైన్లో నిలబడ్డాడో లేదో, ఎక్కడో జ్యూస్ ఒలికిందని పిలుపు. పొద్దున్నే బాత్రూమ్ వంతుకు బకెట్ పెట్టే అలవాటున్న మనిషి కదా, డబ్బా పెట్టి పరుగెత్తాడు.

"వాపస్ వస్తుంటె దూరంకెల్లి చూసిన. ముందట ఇద్దరే. నడుమ నా డబ్బ, దొరసాని లెక్క! దాని ఎన్క ఒకామె పుస్తకం చదువుకుంట నిలవడ్డది. నూకుడు లేదు, లొల్లి లేదు. నా వంతు యాడికి వోతదన్న నిమ్మళం! కడుపు మండింది భాయ్. బస్సు కాడ గాని, బ్యాంకు కాడ గాని, మనం ఎన్నడన్న అట్ల నిలవడ్డమా?"

"మరి మిషనో?" బాషాకు తెలుసు. అయినా ఆయన నోటే వినాలి.

"విక్రమ్‌గాడు!" పై అంతస్తు వాడు, అదే స్కూల్లో పని. "'ఇది మా అన్న డబ్బ, ఆయన బదులు నేనొచ్చిన' అన్నడట. ఆళ్లు సారీ చెప్పి మరీ జాగిచ్చిండ్రు. నేను అట్ల చూసుకుంట నిలవడి ఉరికేసరికి మిషన్ ఆని సంకల! డబ్బ నా చేతిల వెట్టి, 'అన్నం సల్లారింది అన్నా, తిను' అన్నడు!"

బాషా నవ్వును దగ్గులోకి దింపాడు. "ఆడనే నిలదీయాల్సింది కదన్నా."

"ఆళ్ల ముందట లొల్లి వెడ్తె, లైను తెల్వనోన్ని నేనే అయిత."

నెల నుంచి బిల్డింగంతా కుట్టుపనికి పైకే ఎక్కుతోంది. లింబాద్రి గది తలుపు తట్టేవాడు లేడు.

"సూదిల దారం ఎక్కియ్యరాదు ఆనికి!" లింబాద్రి మంచం కింది నుంచి ఒక ప్యాంటు లాగాడు. "యల్లా, నడు భాయ్, జెర పైకి వో. కాళ్లు రెండించులు తక్కువ చేయించుకరా. నాదని చెప్పకు. ఆని కుట్టు ఎంత వంకరున్నదో నా కండ్లతోని చూడాలె."