రికార్డులో పళ్ళు లేని దర్జీ

దర్జీ మెడలో కత్తెర ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది. అయినా దారం తెంపడానికి మాత్రం అతనికి పన్నే కావాలి. కుట్టు చివర పుటుక్కున కొరికితే తప్ప చొక్కా పూర్తయినట్టు ఉండేది కాదు. "ఆ కత్తెర అలంకారానికి వేసుకున్నారా?" అని భార్య దెప్పిపొడిచేది. ముప్పై ఏళ్ళుగా ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తూ వచ్చాడు.

ఒక సోమవారం బడిపిల్లల నిక్కరు ఒకటి కుట్టి, అలవాటుగా దారం కొరికాడు. పట్టపగలే చుక్కలు కనిపించాయి. సాయంత్రానికి ఎడమ బుగ్గ రబ్బరు బంతిలా ఉబ్బిపోయింది. మంగళవారం పొద్దున్నే భార్య అతన్ని, మూడేళ్ళ కిందట ఒక పన్ను తీయించుకున్న సర్కారు పళ్ళాసుపత్రికే లాక్కెళ్ళింది.

కిటికీ వెనకాల ఉన్న గుమాస్తా పేరు, పుట్టిన తేదీ అడిగి కంప్యూటర్లో కొట్టాడు. కాసేపు తెరవైపు చూసి, జాలిగా తలెత్తాడు.

"మీకు పళ్ళు లేవండి."

దర్జీ నోరు వెళ్ళబెట్టాడు. అలా వెళ్ళబెట్టిన నోట్లో పళ్ళన్నీ కనిపిస్తూనే ఉన్నాయి.

"మూడేళ్ళ కిందట అన్నీ ఇక్కడే తీసేశారు," అన్నాడు గుమాస్తా. "పళ్ళు లేనివాళ్ళకి పంటినొప్పి చీటీ ఇవ్వడం కుదరదు."

"మరి ఇవేంటయ్యా?" అంది భార్య, మొగుడి గడ్డం పట్టుకుని కిటికీలోకి తిప్పుతూ.

"అమ్మా, నోట్లో చూడాల్సింది డాక్టరు. నేను చూడకూడదు."

"సరే, డాక్టరుకే చూపిస్తాం."

"చీటీ లేకుండా డాక్టరు చూడరు."

దర్జీకి పళ్ళు నూరాలన్నంత కోపం వచ్చింది. నూరితే ప్రాణం పోతుందని ఊరుకున్నాడు.

వరండా చివర 'రోగులకు సలహాలు' అని బోర్డున్న గది ఉంది. అందులో ఉండే ఆవిడని ఆసుపత్రంతా సలహాలమ్మ అనేవారు. ఆమె కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చి, కథంతా రెండుసార్లు విన్నది. మొదటిసారి దర్జీ చెప్పాడు. బుగ్గవాపు వల్ల ఒక్క ముక్కా తెలియలేదు. రెండోసారి భార్య చెప్పింది.

సలహాలమ్మ నవ్వలేదు. కంగారు కూడా పడలేదు. తన కంప్యూటర్లో వెతికి, "గురువారం మీకు డాక్టరు దగ్గర టైముంది కదండీ!" అంది.

"దేనికి?"

"కట్టుడుపళ్ళ కొలతకి. పళ్ళు తీసేసినవాళ్ళని పిలుస్తారు. మీ ఫోనుకి మెసేజీలు రాలేదా?"

వచ్చాయి. ఎవరో ఆకతాయిలు పంపుతున్నారనుకుని దర్జీ అన్నీ తుడిచేశాడు.

"ఆ పిలుపు మీదే లోపలికెళ్ళండి. కుర్చీలో కూర్చుంటే చూడకుండా ఎలా ఉంటారు?" అంది సలహాలమ్మ. అప్పటిదాకా గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించమంది. జ్వరం వచ్చినా, వాపు గొంతువైపు దిగినా ఒక్క క్షణం ఆగకుండా పక్కనున్న పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి పరుగెత్తమంది. అక్కడ పళ్ళ లెక్క అడగరని కూడా చెప్పింది.

గురువారం బెంచీ మీద బోసినోటి ముసలివాళ్ళు ఏడుగురున్నారు. దర్జీ ఆవులించగానే అందరూ ఒక్కసారి అతని నోటివైపు కొరకొరా చూశారు. అతను చప్పున చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ కొత్తగా చేరిన పిల్ల. కొలత ముద్ద నింపిన పళ్ళెం అతని నోట్లో పెట్టబోయి ఆగిపోయింది.

"పట్టట్లేదు. పళ్ళు అడ్డమొస్తున్నాయి," అంది.

మాట నోట్లోంచి వచ్చాక గాని ఆమెకి అర్థం కాలేదు. దీపం దగ్గరకి లాగి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. కాగితం మీద 'ఈయనకు ముప్పై ఒక్క పళ్ళు ఉన్నవి, ఒకటి పుచ్చినది' అని రాసి సంతకం పెట్టింది. వాపుకి మందులు రాసిచ్చింది. రికార్డు సరయితే తప్ప పంటిమీద చెయ్యి వెయ్యలేనని నొచ్చుకుంటూ చెప్పింది.

సలహాలమ్మ ఆ కాగితం పట్టుకుని గుమాస్తా దగ్గరకి నడిచింది. గుమాస్తా రెండువైపులా తిప్పి చూశాడు.

"ఈయన పళ్ళు ఈయనకున్నాయి, ఒప్పుకుంటాను. మరి మేం తీసిన పళ్ళెవరివి? అవి ఎవరో ఒకరి పేరున పడాలిగా!"

ఇంకొకరైతే ఇల్లు చేరేవారు. సలహాలమ్మ మాత్రం మూడేళ్ళ పాత రిజిస్టర్లు దింపించి, వారంపాటు దుమ్ములో దగ్గుతూ కూర్చుంది. దొరికాడు. రిటైరైన బస్సు కండక్టరు. దర్జీదీ ఆయనదీ ఒకటే పేరు, ఒకటే పుట్టినరోజు. ఆయన నోట్లో ఒక్క పన్ను లేదు. రికార్డులో ముప్పై ఒకటున్నాయి. కట్టుడుపళ్ళకి మూడుసార్లు అర్జీ పెడితే, "ఇన్ని పెట్టుకుని ఇంకా ఎందుకండీ?" అని తిప్పి పంపారట. పైగా పళ్ళు సరిగ్గా తోముకోవడం ఎలా అన్న తరగతికి ఆర్నెల్లకోసారి పిలిచేవారట. ఆయన బుద్ధిగా వెళ్ళేవాడు. మంచి హాజరుకి ఒక బ్రష్షు కూడా ఇచ్చారు.

సలహాలమ్మ ఇద్దరినీ కిటికీ ముందు పక్కపక్కన నిలబెట్టింది. "నోళ్ళు తెరవండి," అంది. తెరిచారు. గుమాస్తా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"చూడకూడదని తెలుసు. డాక్టరుగారు చూస్తారు, మీరు రాసుకోండి," అంటూ ఆమె డాక్టరమ్మని పిలిచింది. డాక్టరమ్మ ఇద్దరి నోళ్ళూ చూసి ఎవరికెన్నో గట్టిగా చదివింది. గుమాస్తా కళ్ళు తెరిచి, కంప్యూటర్లో పళ్ళు అటువి ఇటు, ఇటువి అటు మార్చాడు. రెండు చీటీలు బయటికొచ్చాయి. దర్జీకి ప్రాణం లేచొచ్చింది.

ఆ పూటే ఒక కుర్చీలో దర్జీ పన్నుకి సిమెంటు పడింది. రెండో కుర్చీలో కండక్టరు చిగుళ్ళకి కొలత తీశారు. తర్వాత ఇద్దరూ వరండా బెంచీ మీద చేరారు. మత్తుసూదివల్ల దర్జీ పెదవి సగం వేలాడుతోంది. కండక్టరు మాటల్లో సగం అక్షరాలు గాలికి పోతున్నాయి. ఇద్దరూ చేతులూపుకుంటూ తెగ కబుర్లు చెప్పుకుంటున్నారు.

"ఏమంటున్నారండీ ఈయన?" అని దర్జీ భార్య కండక్టర్ని అడిగింది.

ఆయన ఎంతో ఓపిగ్గా, మొదటినుంచీ వివరించి చెప్పాడు. ఆమెకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. దర్జీ మాత్రం ప్రతి మాటకీ తలూపుతూ, వేలాడే పెదవితోనే పగలబడి నవ్వాడు.