ఫ్యాన్ లేని గ్రాఫిక్స్ కార్డు

2003లో తిరుపతి కొర్లగుంటలో నాకు కంప్యూటర్ల అంగడి ఉండేది. చెన్నై నుంచి విడిభాగాలు తెచ్చి, బిగించి అమ్మేవాణ్ణి. ఒకే కంప్యూటరుకు రెండు మానిటర్లు కావాలని వచ్చేవాళ్ళు ఆ రోజుల్లో తక్కువ. వచ్చినా పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసే స్టూడియోల వాళ్ళే. అందుకే వేసవి సెలవులైపోయి బడులు తెరిచే ముందు ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చి రెండు మానిటర్ల సంగతి ఎత్తగానే, "స్టూడియో ఏ ఊళ్ళో సార్?" అని అడిగాను.

ఆయన మెడకు పలుచటి తెల్లగుడ్డ కట్టుకుని ఉన్నారు. జవాబు ఆమె చెప్పింది.

"స్టూడియో కాదప్పా. మా ఇంటాయన బడిలో ఇంగ్లీషు అయివారు. గొంతులో పుండు లేస్తే, క్యాన్సరని వేలూరులో ఆపరేషన్ చేసినారు. మాట పూర్తిగా పోయింది. ఇంట్లో ట్యూషన్ పెట్టుకుంటాడంట."

ఆయన పేరు మునిరత్నం, ఆమె సరోజమ్మ. సారు సంచిలోంచి పలక తీసి, గుండ్రటి అక్షరాలతో తెలుగులో రాశారు: "బోర్డు మీద రాయాలంటే పిల్లలకు వీపు చూపించాలి. ముఖాలు కనిపించకపోతే ఎవరికి అర్థమైందో నాకు తెలియదు."

తనవైపు ఒక మానిటర్, పిల్లలవైపు ఒకటి. వయసులో ఉన్నప్పుడు ఇంగ్లీషు టైపు నేర్చుకున్నారు కాబట్టి, నోటితో చెప్పాల్సింది టైపు చేస్తారు.

దానికి తెర మీది బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ కార్డు వేరేగా అక్కర్లేదన్నాను. స్ప్లిటర్ అని చిన్న పెట్టె ఉంటుంది, ఒక మానిటర్‌కు పోయే బొమ్మనే రెండింటికి పంచుతుంది. సారు ఇంట్లో అది బిగించిన రోజు కాసేపు అక్కడే కూర్చున్నాను. పదో తరగతి పిల్లలు చాప మీద కూర్చుని తెర మీది వాక్యాన్ని గట్టిగా చదువుతున్నారు. ఉచ్చారణ తప్పితే సారు పెన్నుతో బల్ల మీద కొడతారు. ఎవరో ఒకరు సరిగ్గా పలికేదాకా మళ్ళీ మళ్ళీ కొడతారు. తాను పలకలేని మాటను వాళ్ళ నోటితో సరిగ్గా పలికించాక తల ఊపి, తర్వాతి వాక్యానికి పోతారు.

కొన్నాళ్ళకు ఒక్కరే అంగడికి వచ్చారు. పలక మీద ఇలా రాశారు: "నేను వాక్యం ముగించేలోపే పిల్లలు ముగించేస్తున్నారు."

నాకు అర్థం కాలేదు. తుడిచి మళ్ళీ రాశారు: "అక్షరాలు ఒక్కొక్కటే వస్తుంటే ఊహించి అరుస్తారు. తప్పు కొట్టి చెరిపితే నవ్వుతారు. పిల్లలు కదా. కానీ గొంతున్నప్పుడు తరగతిలో నా మాటకు ఎవరూ అడ్డు రాలేదు."

పలక నా చేతికిచ్చి, రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు.

ఇప్పుడు నిజంగానే గ్రాఫిక్స్ కార్డు కావాలి. మదర్‌బోర్డులోనే ఉండే గ్రాఫిక్స్ అప్పట్లో ఒక మానిటర్‌కే పనికొచ్చేది. డ్యూయల్ హెడ్ కార్డు అంటే రెండు మానిటర్లకు రెండు దారులున్నది. దాంతో రెండు తెరల మీద వేర్వేరు బొమ్మలు పెట్టవచ్చు. సారు తన తెర మీద వాక్యం పూర్తిగా రాసుకుని, దిద్దుకుని, మౌస్‌తో పక్క తెర మీదికి జరిపితే అప్పుడే పిల్లలకు కనిపిస్తుంది.

నా దగ్గరున్నవి కంప్యూటర్లో ఆటలాడే కుర్రాళ్ళ కోసం తెచ్చిన కార్డులు. ఒకటి తీసుకెళ్ళి బిగించి మెషిన్ ఆన్ చేయగానే వంటింట్లోంచి సరోజమ్మ వచ్చేసింది.

"ఏందప్పా ఈ సప్పుడు?"

"కార్డుకు ఫ్యాన్ ఉంటుందమ్మా, వేడెక్కకుండా."

"వద్దు నాయనా. ఈయన ఊపిరి తీసుకునేది మెడకాడ రంధ్రంతోనే. కఫం అడ్డం పడితే ఆ సప్పుడు మారతాది. కేక వేసేదానికి మాట లేదే, ఆ సప్పుడు ఇనే నేను పరిగెత్తి రావాల. ఇప్పుడుండే ఫ్యాన్లతోనే సరిగ్గా ఇనపడటం లేదు."

కార్డు ఊడదీసి సంచిలో పెట్టుకున్నాను. మరుసటి రోజు చెన్నై బస్సెక్కాను. కంప్యూటర్ అంగళ్ళుండే రిచీ స్ట్రీట్‌లో ఒక్కో అంగడి వాడు ఇంకా వేగమైనదని ఇంకా పెద్ద ఫ్యాన్ ఉన్నది చూపించాడు. చివరికి ఒక పాత అంగడిలో, ఫ్యాన్ బదులు అల్యూమినియం రెక్కలున్న డ్యూయల్ హెడ్ కార్డు దొరికింది. ఆ రెక్కలే వేడిని గాలిలోకి వదులుతాయి. ఆటలకు పనికిరాదని వాడే చెప్పాడు. నగరి మీదుగా వచ్చే బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. బిగించాక సరోజమ్మ వంటింట్లో నిలబడి కాసేపు విని, "ఇనపడతాండాది" అంది.

ఆ శీతాకాలందాకా ట్యూషన్ బాగానే నడిచింది. తర్వాత పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఆ జబ్బు అంటుకుంటుందని వీధిలో ఎవరో అన్నారట. కొన్ని ఇళ్ళకు సరోజమ్మే వెళ్ళి చెప్పి చూసింది. చదువుకున్నవాళ్ళు కూడా మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, పిల్లల్ని మాత్రం పంపలేదు. అంతలో సారు మెడలో మళ్ళీ గడ్డ కనిపించింది. వేలూరు డాక్టర్లు ఇక కోసేదేమీ లేదన్నారు.

సరోజమ్మ కబురు పెడితే, రెండో మానిటర్ తీసుకుపొమ్మంటారేమో అనుకుంటూ వెళ్ళాను. సారు మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. కీబోర్డు ఒళ్ళో ఉంది. పిల్లలవైపు ఉండిన మానిటర్‌ను వంటింట్లో పెట్టమన్నారు. "ప్రతి మాటకూ పలక చూడటానికి ఆమె పొయ్యి దగ్గర్నుంచి పరిగెత్తి వస్తోంది" అని పలక మీద రాశారు.

గోడకు రంధ్రం చేసి పొడుగాటి కేబుల్ లాగాను. అంత దూరానికి అక్షరాల వెనక కొద్దిగా నీడలు పడ్డాయి, కానీ చదవడానికి వీలుగానే ఉంది. తెలుగు అక్షరాలు ఎక్కించాను. తెలుగు టైపు ఆయనకు కొత్త, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నారు. వాక్యం పూర్తయ్యాకే వంటింటి తెర మీదికి జరుపుతున్నారు.

వంటింటి గడపలోంచి సరోజమ్మ, "రాసేటప్పుడే నాకు కనపడేట్లు పెట్టప్పా. ముగించేదాకా కాచుకోవాలంటే నాకు ప్రాణం ఆగదు" అంది.

నేను సారు ముఖం చూశాను. ఆయన కీబోర్డు వైపు, గడప వైపు చూశారు. తర్వాత తల ఊపారు. రెండు తెరల మీదా ఒకే బొమ్మ వచ్చేలా సెట్టింగ్ మార్చాను.

ఆయన మొదలుపెట్టారు. చా. రు. లో.

"ఉప్పు తక్కువనే కదా? తెలుసులే!" అని వంటింట్లోంచి కేక వచ్చింది.

సారు కీబోర్డు మీంచి చేతులు తీసేశారు. భుజాలు కదిలాయి. మెడ దగ్గర గాలి ఆగి ఆగి బయటికి వచ్చింది. మొదట భయపడ్డాను. తర్వాత చూస్తే, నవ్వుతున్నారు.

వానలు మొదలయ్యాక పోయారు. దినాలు అయిన తర్వాత పలకరించడానికి వెళ్ళాను. వంటింట్లో మానిటర్ అలాగే ఉంది.

"ఇంకొన్నాళ్ళు ఉండనిస్తారా అమ్మా?" అన్నాను.

"తీసుకుపోప్పా," అంది సరోజమ్మ. "కరెంటు కూడా పెట్టలేదు దానికి. అయినా ఏదన్నా వస్తాదేమోనని పొయ్యికాడ నిలబడి దాన్నే సూస్తా ఉండా. అన్నం మాడిపోతాండాది."

కేబుల్ వెనక్కి లాగుతుంటే ఆమె పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను పని ముగించి పిలిచేదాకా లోపలికి రాలేదు.

ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు అంగడి నడిపాను. గ్రాఫిక్స్ కార్డు కావాలని వచ్చినవాళ్ళను మెమరీ ఎంత, వేగం ఎంత అని ముందుగా అడగడం మానేశాను. ఇంట్లో ఎక్కడ పెడతారు, దాని ముందు ఎవరు కూర్చుంటారు, పక్క గదిలో ఎవరుంటారు అని అడిగేవాణ్ణి. కొందరు ఓపిగ్గా చెప్పేవారు. కొందరు నీకెందుకని విసుక్కునేవారు. అయినా అడిగేవాణ్ణి.