రేపటి మోకాళ్లు

ఆ రోజుల్లో హైటెక్ సిటీలో ఉద్యోగమంటే సాఫ్ట్‌వేరేనని లోకమంతా నమ్మేది. అదే అద్దాల భవనాల్లో, ఆరో అంతస్తులో కూర్చుని ఎముకల్లోని మూలుగను వడకట్టి జీతం తీసుకునే నాలాంటి వాళ్లు కూడా ఉంటారంటే మా కృష్ణా జిల్లా పిన్నులు "పాపం, కంప్యూటర్ సీటు రాలేదు కాబోలు" అన్నట్టు చూసేవారు. వాళ్ల నోరు మూయించడానికి మా అమ్మ నన్ను "డాక్టరు లాంటిదే" అని ప్రకటించింది. ఆ 'లాంటిదే' అన్న ముక్క రైల్లో ఎక్కడో జారిపోయినట్టుంది. గోపన్‌పల్లిలో కిరాయికి దిగేసరికి ఇంటివాళ్ల దృష్టిలో నేను పూర్తి డాక్టర్ని. సరిదిద్దాల్సింది. దిద్దలేదు. ఇరవై నాలుగేళ్ల వయసులో గౌరవం ఊరికే వచ్చి పడుతుంటే వద్దనేంత వైరాగ్యం నాకెక్కడిది?

ఇంటాయన తల్లిని వీధిలో అంతా అవ్వ అనేవారు. రెండు మోకాళ్లూ అరిగిపోయి, గుమ్మంలోని కుర్చీలోంచే ఇంటిని ఏలేది. "ఏం పని జేస్తవు బిడ్డా?" అని అడిగిందొకరోజు. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను (ఆ రోజుల్లో నన్నెవరూ ఏమీ అడిగేవారు కాదు, అదీ సంగతి). ఆపరేషన్లలో రోగుల అనుమతితో తీసిన మూలుగ మా దగ్గరికొస్తుందనీ, దాన్ని పలచన చేసి, గొట్టంలో ఒక బరువైన ద్రవం మీద మెల్లగా పోసి యంత్రంలో గిర్రున తిప్పుతామనీ, ఎర్రటిదంతా అడుక్కి పోయి నడుమ పల్చటి తెల్లని పొర నిలుస్తుందనీ, మూలకణాలు అందులోనే ఉంటాయనీ చెప్పాను. వాటిని సీసాలో పెంచితే ఒకనాటికి అవే కొత్త ఎముకవుతాయని కూడా అన్నాను.

"మీగడ దీసినట్లే గదా! గా మీగడ జర నా మోకాళ్లకు పెట్టరాదు?"

"కుదరదండి" అనాలి. "ప్రయత్నిస్తున్నామండి" అన్నాను. మర్నాటినుంచి నా గదికి వేడి వేడి జొన్నరొట్టెలు రావడం మొదలైంది. సైన్సుకు ఇంతకంటే ప్రోత్సాహం ఎక్కడుంటుంది?

ఇక ప్రయోగశాలలో నా వైభవం చెప్పాలంటే, చేరి నాలుగు నెలలైనా ఒక్క కణాన్నీ సరిగ్గా పెంచలేదు. అసలైన మూలకణాలు రెండు మూడు రోజుల్లో సీసా అడుగున అతుక్కోవాలి, మిగతావి పారబోస్తాం. నావి మాత్రం పారబోయించుకోవడానికే పుట్టినట్టు పైపైన తేలేవి. చివరికి ఒక సీసాలో తెల్లటి పోగులు కనిపించాయి. మా పెద్దాయన (మాట మాటకీ 'విప్లవం' అంటారు కనుక మాకు విప్లవం సారు) సూక్ష్మదర్శినిలో తొంగిచూసి "సాగుతున్నాయి! ఎంత పొడవుగా సాగుతున్నాయో చూడు! విప్లవం!" అన్నారు. నేనూ నమ్మాను. నమ్మకపోవడానికి నాకేమైనా తెలిస్తే కదా.

ఆ వారమే ఇంటాయన సంతోషంగా చెప్పాడు: "అమ్మ మోకాళ్ల ఆపరేషన్ వద్దన్నది మేడం. దవాఖానోళ్లకు గూడ జెప్పేసిన. ఇంట్ల మీరుండంగ ఫికరేంది?"

నా గుండె జారి చెప్పుల్లోకి వచ్చింది. ఆ ఆపరేషన్ కోసం వాళ్లు ఎన్నాళ్లనుంచి ఎదురుచూస్తున్నారో నాకు తెలుసు. నిజం చెప్పే ధైర్యం చాలక తెలివైన ఉపాయమొకటి పన్నాను: శనివారం మధ్యాహ్నం ఇద్దరినీ ప్రయోగశాలకు తీసుకెళ్తాను, ఇది ఇంకా మందు కాలేదన్న సంగతి పెద్దాయనే చెబుతారు, నాకు చెడ్డపేరు రాదు. అవ్వను చక్రాల కుర్చీలో తీసుకొచ్చి సందర్శకుల అద్దం ముందు ఉంచాం. లోపలికి వెళ్లి సీసా తెచ్చి అద్దానికి ఆనించి చూపించాను. విప్లవం సారు ఎక్కడినుంచో వాళ్ల పక్కన ఊడిపడి, చేతులు చాచి, "అమ్మా! ఇవి రేపటి మోకాళ్లు!" అన్నారు.

అవ్వ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"సారూ, గిది బూజు."

"కాదమ్మా, అవి కణాలు..."

"ఏంది కణాలు? మామిడి తొక్కు జాడిల తడి చెయ్యి వెడితే గిట్లనే తెల్లగ లేస్తది. యాభై ఏండ్లు తొక్కు వెట్టిన, నాకు దెల్వదా? ఎవలో తడి చెయ్యి వెట్టిన్రు."

ఎవరో కాదు, నేనే. కణాలుండే పెట్టె అడుగున నీళ్ల పళ్లెం ఒకటుంటుంది. వారం వారం కడిగి నీళ్లు మార్చడం నా పని. చేరిన రోజున ఒకసారి మార్చినట్టు గుర్తు. బూజు పుట్టింది ఆ పాత నీళ్లలోనే. విప్లవం సారు లోపలికొచ్చి, నా చేతిలోని సీసా తీసుకుని వెలుతురుకు పట్టి, ముక్కు దగ్గరకు తెచ్చుకుని, తన గదిలోకి వెళ్లిపోయారు. ఆ రోజు విప్లవం అన్న మాట మళ్లీ వినపడలేదు.

బయటికొచ్చి అవ్వ ముందు నేలమీద కూర్చున్నాను. "నేను డాక్టర్ని కాదండి. సూది వెయ్యడం కూడా రాదు. మేము చేసేది మందవ్వాలంటే ఇంకా ఏళ్లు పడుతుంది, అసలవుతుందో లేదో కూడా తెలియదు. మీరు ఆపరేషన్ చేయించుకోండి" అన్నాను. 

"గీ ముచ్చట ముందుగాల ఎందుకు జెప్పలె?"

"రొట్టెలు బాగున్నాయండి" అన్నాను. అంతకంటే నిజమైన జవాబు నా దగ్గర లేదు.

ఇంటాయన తల తిప్పుకున్నాడు.  రొట్టెలు ఆగిపోయాయి, న్యాయమే. నెల తిరక్కుండా ఆపరేషన్ అయింది. దవాఖానకు వెళితే నన్ను చూసి నర్సుతో "మా ఇంట్ల కిరాయికుంటది. మంచి పిల్లనే, జర అబద్ధాలాడ్తది" అని పరిచయం చేసింది.

నీళ్ల పళ్లెం తళతళా మెరిసే స్థాయికి చేరాక, ఒక సాయంత్రం నా కణాలు నిజంగానే సీసా అడుగున పరుచుకున్నాయి. సన్నగా, కదురు ఆకారంలో, పుస్తకాల్లో బొమ్మల్లాగే. ఫొటో తీసుకుని బస్సులోంచి దూకినంత పని చేసి ఇంటికి పరుగెత్తాను. అవ్వ వరండాలో వాకర్ పట్టుకుని అటూ ఇటూ నడుస్తోంది.

"అవ్వా, చూడండి, పెరిగాయి!"

ఆగి, ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "మంచిగున్నయ్ బిడ్డా. ఇగ జర పక్కకు జరుగు. ఇంక పది చుట్లు తిరగాలె."

ఇప్పుడు నా కింద నలుగురు పిల్లలు పనిచేస్తున్నారు. అందరూ నాకంటే తెలివైనవాళ్లే. ఒక్కోసారి వాళ్లను చూస్తుంటే ఆ వరండాలో ఫోను పట్టుకుని నిలబడ్డ అమ్మాయి గుర్తొచ్చి నవ్వొస్తుంది. లోకానికంతటికీ మోకాళ్లిస్తానని బయలుదేరి, నడవాలనుకున్న ఒక్క ముసలావిడకు అడ్డంగా నిలుచుంది. దారి ఇచ్చింది లెండి, ఆ మాత్రం తెలివి అప్పటికే వచ్చింది.