బర్డెనంటే వంత

పెద్దన్న ఊరికి పోతే మా సిత్రా క్యాంపుల శుక్రారం భజన బందైతదని అందరు ఖాయం చేస్కున్నరు. ఆయనది జగిత్యాల దిక్కు. వీసా ఇచ్చిన కఫీల్ ఖలాస్, పని అయిపోయిందన్నడు, ఇగ పోవుడే. ఆయన పాట ఎత్తుకుంటే మేం ఎన్క నుంచి వంత పాడేటోళ్ళం. వంతల నా గొంతే పెద్దది. అయినా "నువ్వు ఎత్తుకో" అని ఒక్కడన్నా అనలే. "వంతగానికి పాటేం తెల్సు" అన్నరు. నాకు మండింది. కని నాక్కూడ అదే అనుమానం. ఆ భజన సుత లేకుంటే నాకు ఈ గల్ఫుల శుక్రారమేంది, శనారమేంది?

నా డ్యూటీ సఖీర్ దిక్కు ఒక హాలుల. ఊడ్సుడు, కుర్చీలు ఏసుడు. ఆడ ఒక ఇంగ్లీషు ముసలాయన కొంతమందిని కూడగట్టి క్వయర్ నడిపిస్తడు. పాటకంటే పాత మాటల పిచ్చి ఎక్కువ ఆయనకు. సాంగ్‌స్టర్ అనే మాట ఒకప్పుడు పాడే ఆడోళ్ళకే చెల్లేదట. గుంపుల పాడే మలయాళీ నర్సక్క ఇసొంటియన్ని నాకు హిందీల చెప్పి నవ్వేది.

ఒకనాడు కుర్చీలు సదురుకుంట వంత పాడుకుంటున్న. ముసలాయన నిలవడి మొత్తం ఇన్నడు. పోంగ పోంగ నా భుజం తట్టి, "ఫ్రైడే, యూ క్యారీ ది బర్డెన్" అన్నడు.

క్యారీ తెల్సు. బర్డెనంటే బరువని ఫోర్మన్ నోట్ల శాన సార్లు ఇన్న. ఇంకేముంది, హాలుల ఉన్న పియానో మోపిద్దామని సూస్తుండు! సెలవునాడు సుత మోతేనా అని తిట్టుకున్న. కని మంచోడు, కాదంటే బాగుండదు. పెద్దన్నను ఎంట తోల్కపోయిన. తాళ్ళు, గోనె సంచులు, నెత్తికి సుట్టబట్టలు. పోవుడు పోవుడే ఇద్దరం పియానో కిందికి వంగినం.

ముసలాయన "నో నో" అనుకుంట ఉరికొచ్చిండు. అందరు ఒకటే నవ్వుడు.

"నవ్వుతరేంది? మొయ్యమన్నది ఆయనేనాయె!" అని తెలుగులనే ఒర్రిన.

నర్సక్క కండ్లు తుడ్సుకుంట చెప్పింది. ఇంగ్లీషుల పాతకాలంల, మళ్ళమళ్ళ అందరు కల్సి పాడే వరుసను బర్డెన్ అంటుండెనట. బరువు మాట వేరు, ఇది వేరు. పలికి పలికి రెండు ఒక్కటైనయట.

"అంటే వంతనా?" అన్న.

"ఓరి నీ! వంతకు తాళ్ళు సంచులు తెస్తివా?" అని పెద్దన్న కూలవడి నవ్విండు.

ఆయన మాట నాకు గుచ్చుకున్నా నేను సుత నవ్విన. ముసలాయన మాత్రం నవ్వలే. నాతోని వంత పాడిచ్చి, అందరితోని అనిపిచ్చిండు. కొన్ని పాత పాటలు చరణంతోని కాదు, బర్డెన్‌తోనే మొదలైతుండెనని నర్సక్కతోని చెప్పిచ్చిండు. ఆ మాట నా మనసుల వడ్డది.

పెద్దన్న పోయినంక వచ్చిన శుక్రారం అందరు ఫోన్లు వట్టుకోని మంచాల మీద వడ్డరు. నేను భజన తాళాలు తీసిన. చరణం యాదికి రాలే. ఏదైతే అదాయె అని వంతనే ఎత్తుకున్న. ఒకడు లేసి కూసున్నడు. ఇంకొకడు కల్సిండు. అట్ల అనంగ అనంగ చరణం దానంతటదే నోట్లకొచ్చింది.

గప్పుడే పెద్దన్న వీడియో కాల్ చేసిండు. ఎవరో ఫోన్ నా ముంగట వెట్టిండ్రు. తప్పు వడతడు, ఆపుమంటడు అనుకున్న. ఆయన ఒకరి ఎన్క పాడే మనిషి కాదు, నేనెన్నడు సూడలే. కండ్లు మూస్కోని చరణం పూర్తి చేసిన.

ఫోన్లకెల్లి పెద్దన్న వంత అందుకున్నడు. నా ఎన్క.

నాకు దుఃఖమొచ్చి పాట ఆపిన.

"ఆగకురా," అన్నడు, "తర్వాతది ఎత్తుకో."