సరేపిల్ల నేర్చుకున్న మాట

మా అక్కకు పాములంటే భయం లేదు, దెయ్యాలంటే లేదు, మా అత్తగారంటే అసలే లేదు. ఆమె గుండె దడదడలాడేది బడి వదిలి వెళ్ళే పిల్లల గురించే. మానసిక ఎదుగుదల నెమ్మదిగా ఉన్న పిల్లల బడిలో ఆఖరి తరగతి ఆమెది. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకు బస్సెక్కడం, వండుకోవడం, పనిచోట మసలుకోవడం నేర్పి పంపుతుంది.

ఆ ఏడు వెళ్ళాల్సిన వాళ్ళలో ఒకమ్మాయి, ఎవరేం చెప్పినా సరే అనేది. అందుకే బడిలో అందరికీ సరేపిల్ల. నోట్లో నాలుక లేని పిల్ల, బంగారం అని చిన్నప్పట్నుంచీ మెచ్చుకున్నారు, అక్కతో సహా. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని దొరికింది. సాయంత్రం వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్ళేలా ఏర్పాటు.

అంతా కుదిరాక అక్కకు కంటిమీద కునుకు పోయింది. దారిన పోయేవాడు రమ్మంటే? చూద్దామని మా ఆయన్ని పురమాయించింది. ఆ పిల్ల ఆయన్ని ఎన్నడూ చూడలేదు. బడి గేటు ముందు కారాపి, మీ అమ్మ రమ్మంది ఎక్కమన్నాడు. సరే అని ఎక్కి, చెప్పకుండానే బెల్టు కూడా పెట్టుకుంది. ఈయనకు ముచ్చెమటలు పోశాయి.

"ఆ నాలుక లేకుండా చేసింది మేమేనే," అని అక్క ఆ రోజు నా దగ్గర ఏడ్చింది.

మర్నాటినుంచీ ఒకటే పాఠం. అమ్మ తప్ప ఎవరు పిలిచినా "రాను" అనాలి. రాను అనమంటే సరే అనేది. చివరికి అనడం వచ్చింది కానీ, అంటూనే నవ్వుతూ చెయ్యి పట్టుకుని వెంట వచ్చేసేది. పాఠం తేలకుండానే పనిలో చేరే రోజు వచ్చిపడింది.

ఆ సాయంత్రం కుండపోత. బస్సు నీళ్ళలో ఆగిపోయిందని, పిల్లను తీసుకురమ్మని వాళ్ళమ్మ అక్కకు ఫోన్ చేసింది. ఆ తర్వాత ఆమె ఫోన్ పలకలేదు. అక్కను ఎక్కించుకుని నేను కారు తీశాను. వెళ్ళేసరికి లాండ్రీకి తాళం, బయట బెంచీ ఖాళీ. ఇందాక ఎవరో కారులోంచి ఒకమ్మాయిని పిలిచారని, తర్వాత వానలో ఏమీ కనబడలేదని వాచ్‌మన్ చెప్పాడు. అక్క గొడుగు కూడా వదిలేసి పరిగెత్తింది.

వెనక గోడవారన, ఖాళీ ట్రాలీల చాటున దొరికింది. తడిసి ముద్దయి, ట్రాలీ కడ్డీని రెండు చేతులా పట్టుకుని ఉంది. అక్క చెయ్యి చాపి, అమ్మ పంపింది, పద అంది.

"రాను."

"నేనే తల్లీ, టీచర్ని."

"టీచరైనా రాను. అమ్మే రావాలి."

గడ్డం వణుకుతోంది, కడ్డీ మాత్రం వదల్లేదు. వానలో ఈ పంతమేమిటని నాకు ఒళ్ళు మండింది. బుజ్జగించి ఎక్కించేద్దాం అన్నాను.

"నోరు మూసుకోవే. ఇవాళ దాని మాట చెల్లాలి," అంది అక్క.

చెల్లింది. వాళ్ళమ్మ మనసాగక బస్సు దిగి, మోకాలిలోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చేదాకా ముగ్గురం అక్కడే నిలబడ్డాం. అమ్మ పద అనగానే సరే అని కడ్డీ వదిలింది.

ఆ కారులో వచ్చినవాడెవడో ఇప్పటికీ తెలియదు. వాన పడితే చాలు, వాడెవడై ఉంటాడే అని అక్క నన్ను అడుగుతుంది.